అద్దం అవతల మారెక్క

"మారెక్క ఎవురు?" అని లక్ష్మీపతి మళ్లీ అడిగాడు.

అతని పెళ్లాం పుష్పావతి పనికి బయలుదేరుతోంది. అన్నం డబ్బా మూత బిగించి సంచిలో పెట్టుకుంది. జడ ముందుకు లాక్కుని చివర ముడి వేసుకుంటూ నిలబడింది. నిన్న సాయంత్రం నుంచి అతనిది అదే ప్రశ్న, ఆమెది అదే మౌనం. ఇంత పొద్దెక్కినా మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తాల్సిన నాడె కదల్లేదు. పక్కిళ్ల మగ్గాలన్నీ టకటకమంటుంటే తమ ఇల్లొక్కటే నోరు మూసుకుని ఉంటే ధర్మవరం సందులో ఎవరికి తెలియకుండా ఉంటుంది?

"అడిగేది నిన్నే మే. మారెక్క అంటే ఎవురు?"

"నేనే," అంది పుష్పావతి.

గోడకు ఆనుకుని ఆకు నములుతున్న అత్త ఓబమ్మ నమలడం ఆపింది.

"ఏమేమీ? మేము పిలిచే పేరు నీకు చాల్లేదా? ఇంట్లో ఒక పేరు, అనంతపురం ఆసుపత్రిలో ఒక పేరా?"

"అత్తా, నువ్వు కొంచేపు ఉండు. ఆయప్పకు నేను చెప్తా."

"ఉండేదేమి! కుళ్లాయప్ప కండ్లారా చూసినాడంట. వాళ్లమ్మకు చక్కెర రోగమని పెద్దాసుపత్రికి పిల్చుకోని పోతే, ఆడ తెరిసిన తలుపులోంచి కనబడిందంట, ఈ మహాతల్లి మంచమ్మీద కూచ్చోని ఏడుస్తాందంట. ఎవరో పడుసు పిల్లోడు చెయ్యి పట్టుకోని 'మారెక్కా' అని పిలుస్తాండాడంట. 'మా ఆయప్పకు తెలీదు సార్, తెలిస్తే సంపుతాడు' అంటాందంట. మాకు తెలీకుండా దాచిపెట్టేది ఏముండాదే నీ దగ్గర?"

కుళ్లాయప్పది రెండిళ్ల అవతలి మగ్గం. నిన్న టీ అంగడి దగ్గర ఈ సంగతి నలుగురిలో చెప్పలేదు పాపం, లక్ష్మీపతిని పక్కకు పిలిచి చెప్పాడు. పక్కకు పిలిచి చెప్పిన మాటే నలుగురికీ ముందు చేరుతుంది. రాత్రి వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీది ఆడవాళ్లు మాట ఆపేయడం లక్ష్మీపతి గమనించాడు.

"దుప్పట్లు మడతపెట్టే పని అంటివి గదా?" అన్నాడు. "ఉగాది నుంచి పోతాండావు. దిండ్లకు గలీబులు తొడుగుతాం, దుప్పట్లు మడతపెడ్తాం అని నువ్వే గదా చెప్పింది?"

"చెప్పినా. అబద్ధం చెప్పినా."

ఇంత సూటిగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. "మరి... ఆడ నీ పని ఏమి?"

"రోగం ఉన్నట్టు ఉండేది."

ఓబమ్మ నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు.

"డాక్టరు చదివే పిల్లోళ్ల కోసరం," అంది పుష్పావతి, అత్త వైపు చూడకుండా. "ఏ రోగానికి ఏ మందు ఇయ్యాల, ఏ మందు మీద ఏ మందు ఇయ్యకూడదు అని వాళ్లు నేర్చుకోవాల గదా. నిజం రోగుల మీద నేర్చుకుంటే తప్పు జరిగితే పానం పోతాది. అందుకని మాలాంటోళ్లను కూచ్చోబెడ్తారు. నాకు ఫలానా రోగం, ఫలానా మందు మింగుతాండా అని ఒక కత ఉంటాది. పిల్లోళ్లు వచ్చి అడుగుతారు. నేను చెప్తా. ఆ కతలో నా పేరు మారెక్క."

"అంటే వేషం కడ్తాండావు," అంది ఓబమ్మ. "మన వంశంలో మగోళ్లు గూడా మొగానికి రంగు పూసుకోలేదే తల్లీ. ఇంటి కోడలు ఆడ పడుసు పిల్లోళ్ల ముందర కూచ్చోని ఏడ్సి సూపిస్తాందా!"

"ఇదో, ఈ మాట అంటారనే దుప్పట్లని చెప్పినా."

లక్ష్మీపతికి ఒక్క ముక్క కూడా నమ్మబుద్ధి కాలేదు. ఈ సీమలో వానకు కరువు, నీళ్లకు కరువు. రోగులకేం కరువు? నల్లమాడ నుంచి, సోమందేపల్లె నుంచి బస్సులకు బస్సులు దిగుతుంటారే, వాళ్లను వదిలిపెట్టి లేని రోగానికి మనిషిని పెట్టుకుంటారా ఎవరైనా? ఇది నమ్మితే చెవిలో పువ్వు పెట్టుకుని తిరిగినట్టే. దీనికి ఏదో చెప్పుకోలేని జబ్బు చేసింది. లేదా ఆ చెయ్యి పట్టుకున్నవాడు ఎవడో ఉన్నాడు. రాత్రంతా అతను ఈ రెండింటి మధ్యే దొర్లాడు.

"నమ్మకుంటే నాతో రా," అంది పుష్పావతి. "ఈ పొద్దే రా. కండ్లతో చూడు."

ఆమె కళ్లలో భయం లేదు. పిలవడంలో తొందర కూడా ఉంది. తప్పు చేసిన మనిషి ఇలా పిలుస్తుందా అనుకున్నాడు లక్ష్మీపతి. ఆ వెంటనే, నన్ను ఎందుకింత పట్టుబట్టి రమ్మంటోంది అని కూడా అనుకున్నాడు. అనుమానం పట్టినవాడికి తలుపు మూసినా తప్పే, తెరిచినా తప్పే.

"వస్తా పద," అన్నాడు.

బస్సులో ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు. మధ్యలో సంచి పెట్టుకున్నారు. ధర్మవరం దాటాక రెండు పక్కలా వాడిపోయిన వేరుశనగ చేలు. పుష్పావతి కిటికీలోంచి చూస్తూ పెదాలు కదుపుతోంది, ఏదో పాఠం వల్లె వేసుకుంటున్నట్టు.

"ఏమి గొణుగుతాండావు?"

"ఏం లేదు."

గతుకులకు లక్ష్మీపతి నడుములో సూదులు దిగుతున్నాయి. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని చిన్నప్పటి నుంచి వంగి కూర్చున్న నడుము అది. బత్తలపల్లెలో బస్సు ఆగగానే నీళ్లు తాగి వస్తానని దిగాడు. కుళాయి దగ్గర అటూ ఇటూ చూసి, చొక్కా లోపలి జేబులోంచి మాత్ర తీసి గుటుక్కున మింగాడు. ఖాళీ మాత్ర రేకును నలిపి కాలవలోకి విసిరాడు. నొప్పి మాత్రలు అతను ఎప్పటినుంచి మింగుతున్నాడో అతనికే గుర్తు లేదు. మందుల అంగడివాడు చీటీ అడగడు. ఇంట్లో వాళ్లకు తెలిసిందల్లా సర్కారు దవాఖానాలో ఇచ్చే బీపీ మాత్రలే.

తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు పుష్పావతి అతని మొహంలోకి చూసింది.

"నీళ్లు తాగినావా?"

"తాగినా."

"సరే," అని మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

అనంతపురం పెద్దాసుపత్రికి ఆనుకుని ఉన్న డాక్టర్ల కాలేజీలో మందుల పాఠం చెప్పే డాక్టరు పేరు హేమావతి. నెరిసిన జుట్టును ముడి వేసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని మెట్ల దగ్గరే ఎదురైంది.

"మీరేనా లక్ష్మీపతి? రాండి," అంది.

నా పేరు ఈమెకు ఎలా తెలుసు? పుష్పావతి పరిచయం చెయ్యనే లేదు కదా. పైగా ఆ డాక్టరమ్మ చూపు అతని మొహం మీద కాక పాదాల మీద ఎక్కువసేపు నిలిచింది. లక్ష్మీపతి కూడా వంగి చూసుకున్నాడు. చెప్పుల పట్టీ బిగుతుగా నొక్కుకుని ఉంది. ఈమధ్య సాయంత్రాలు కాళ్లు బరువెక్కుతున్న మాట నిజమే. కూర్చునే పని, ఎవరికైనా బరువెక్కుతాయి.

"మామూలుగా బయటి మనుషులను ఈడికి రానివ్వం. పుష్పావతి అడిగిందని ఒప్పుకున్నా," అంటూ ఆమె అతన్ని ఒక ఇరుకు గదిలోకి తీసుకుపోయింది. గోడకు పెద్ద అద్దం. ఈ వైపు నుంచి చూస్తే అవతలి గది మొత్తం కనబడుతుంది. అవతలివాళ్లకు మాత్రం తమ మొహాలే కనబడతాయట. పైన చిన్న పెట్టెలోంచి మాటలు వినిపిస్తాయి.

"నోరు మెదపకుండా చూడండి," అని ఆమె కూడా పక్కనే కూర్చుంది.

అవతలి గదిలో ఆసుపత్రి మంచం ఉంది. తెర పక్కకు జరిగి పుష్పావతి వచ్చింది. వచ్చింది పుష్పావతే. అయినా నడక ఆమెది కాదు. ఎడమ పిడికిలి నడుముకు అదిమిపెట్టి, కుడి చెయ్యి మంచానికి ఊతం ఇచ్చి, పళ్ల బిగువున మెల్లగా కూర్చుంది. కూర్చున్నాక గట్టిగా ఊపిరి వదిలింది. ఈ కూర్చునే తీరు ఎక్కడో చూశానే అనుకున్నాడు లక్ష్మీపతి. ఎక్కడో మాత్రం తట్టలేదు.

తెల్ల కోటు వేసుకున్న కుర్రాడొకడు వచ్చాడు. పేరు ఓబిలేష్ అని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. వాడు నిలబడే నాడి పట్టుకున్నాడు. కుళ్లాయప్ప చూసిన చెయ్యి పట్టుకోవడం ఇదేనా? లక్ష్మీపతికి కొంచెం సిగ్గనిపించింది. కొంచెమే.

"ఏం మందులు వాడుతున్నారమ్మా?"

"బీపీ మాత్రలు సార్."

"ఇంకేమైనా?"

"ఇంగేమీ లేవు సార్." ఆ మాట అనేటప్పుడు పుష్పావతి చెవి వెనక గోక్కుంది.

లక్ష్మీపతి చెయ్యి అప్పటికే తన చెవి వెనక ఉంది. గబుక్కున కిందికి దించాడు.

ఓబిలేష్ మరో రెండు మాటలు అడిగి, బీపీ తగ్గలేదు కాబట్టి మాత్ర పెంచాలని చెప్పి వెళ్లిపోయాడు.

"చూసినారా," అంది హేమావతి, గొంతు తగ్గించి. "మందు మీద మందు పెంచినాడు. ఈ మారెక్క అంగట్లో కొనుక్కోని దొంగతనంగా నొప్పి మాత్రలు మింగుతుంది. ఆ మాత్ర బీపీ మందును పని చెయ్యనియ్యదు. రెండూ కలిసి మూత్రపిండాలను లోపల్లోపలే తినేస్తాయి. పాదాలు వాచినాక గానీ బయటపడదు. ఆ సంగతి బయటికి రాబట్టకపోతే ఎంత పెద్ద డాక్టరైనా గుడ్డివాడే."

"మరి ఆయమ్మ చెప్పొచ్చు గదా?" అన్నాడు లక్ష్మీపతి.

"చెప్పకూడదని మేమే నియమం పెట్టినాం. అడిగే తీరులో అడిగితేనే చెప్పాల. నిజం రోగులు అంతే కదా. ఊరికే చెప్తారా?"

అతను కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

ఈసారి ఒక అమ్మాయి వచ్చింది. శశి అట. వచ్చీ రాగానే స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"ఏం పని చేస్తావమ్మా?"

"నేతపని."

"గుంట మగ్గమా? మా తాతది గూడా అదే. పొద్దున దిగితే పొద్దు మునిగినాకనే లేసేవాడు. నడుం పట్టుకోదా నీకు?"

"పట్టుకోకుండా ఉంటాదా తల్లీ."

"పట్టుకుంటే ఏం చేస్తావు? మా తాత అయితే అంగట్లో మాత్ర తెచ్చుకుని, మా అవ్వ చూడకుండా మింగేవాడు."

మారెక్క తల వంచుకుంది. శశి తొందరపెట్టలేదు. ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఊరుకుంది.

"ఎవురికీ చెప్పొద్దు తల్లీ," అంది మారెక్క. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "మా ఆయప్పకు తెలీదు. తెలిస్తే సంపుతాడు. పొద్దున ఒకటి మింగుతా. నొప్పి ఆగకుంటే మద్యాన్నం ఇంగోటి. మింగి, ఆ రేకులు మగ్గం గుంటలో మూలకు తోస్తా. గుంటలోకి ఎవురు తొంగిచూస్తారు?"

లక్ష్మీపతి పరిస్థితి తేలు కుట్టిన దొంగ పరిస్థితి. అరవలేడు, ఊరుకోలేడు. తన మగ్గం గుంటలో, ఎడమ మూల, పాత గోనె కింద ఉన్నాయి ఆ రేకులు.

"ఎందుకు దాస్తావమ్మా?" అంది శశి.

"నడుం పోయిందని తెలిస్తే సావుకారు నేసేకి పడుగు దారం ఇస్తాడా? పడుగు లేకుంటే మగ్గం ఏమిటికి? మగ్గం లేకుంటే నేను ఏమిటికి?"

ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు. తల్లితో అనలేదు, పెళ్లాంతో అనలేదు. మగ్గం దగ్గర ఒంటరిగా కూర్చుని లోపల్లోపల అనుకున్న మాట. ఇది దీనికి ఎలా తెలిసింది? అతను లేచి బయటికి వచ్చేశాడు. తనకు వచ్చింది కోపమో ఏడుపో అతనికే తెలియలేదు.

వసారాలో ఎవరూ లేని చోట అతను ఆమెను నిలదీశాడు. ఆమె అప్పటికే మొహం కడుక్కుని, మళ్లీ పుష్పావతి అయి ఉంది.

"నన్ను బజారున పెట్టినావు."

"నీ పేరు యాడా చెప్పలేదు."

"పేరు చెప్పేదేంది? నా నడక, నా కూచ్చునేది, నా గుంట. అంతా పెట్టినావు గదే! రేపు కుళ్లాయప్ప చెవిన పడ్తే, ఆన్నుంచి సావుకారుకు పోతే, నా బతుకేమి కావాల?"

"బతికుంటే గదా బతుకు," అంది పుష్పావతి. "గుంట ఊడ్సేటప్పుడు గోనె కింద రేకులు చూసినా. గుండె ఆగిపోయింది. మేడంతో చెప్పి ఏడిస్తే, ఈ కత పెట్టుకుందామని ఆమే అనింది."

"నన్నే అడగొచ్చు గదా?"

"అడగలేదా? నడుం నొస్తాందా అంటే లేదంటివి. మాత్రలు ఏమన్నా మింగుతాండావా అంటే నాకేం కర్మ అంటివి. ఈ పొద్దు బత్తలపల్లెలో దిగి ఏమి తాగినావు? అద్దం ముందర కూచ్చోబెడ్తే తప్ప నీకు నీ మొగం కనబడదని పిల్చుకోని వచ్చినా."

పెళ్లాన్ని పట్టుకుందామని బయలుదేరి, తానే దొరికిపోయాడు. అంతకంటే నామర్దా ఇంకేముంటుంది మగవాడికి? నిజం చెప్పాలంటే, నామర్దా కంటే భయం ఎక్కువగా ఉంది. లోపల్లోపలే తినేస్తాయి అన్న మాట చెవిలోంచి పోవడం లేదు.

"నెత్తురు పరీక్ష ఉండాది," అంది ఆమె. "ఈ పొద్దే ఇచ్చిపో."

"నాకేమీ లేదు. నేను ఇయ్యను."

"అయితే నేను ఇంటికి రాను. మీ అమ్మకు నువ్వే చెప్పుకో, యాడికి పోయినానో."

అతను నెత్తురు ఇచ్చాడు. సూది గుచ్చుతున్నప్పుడు అటు తిరిగి కళ్లు మూసుకున్నాడు.

ఫలితం వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డబ్బాలో అన్నం అలాగే ఉంది. డాక్టరమ్మ గది బయట బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ల కాళ్లు చూస్తూ ఉన్నాడు లక్ష్మీపతి. ఎవరి పాదాలు వాచాయి, ఎవరివి వాచలేదు. ఒక నర్సు తలుపు తీసి అతని పేరు పిలిచింది.

అతను లేవలేదు.

"పిలుస్తాండారు," అంది పుష్పావతి.

"నువ్వు పో."

"నిన్నే గదా పిలిచేది!"

"నువ్వే పోయి కనుక్కోని రా. ఏమున్నా నువ్వు చెప్పు. ఆమె నోటితో నేను వినలేను."

పుష్పావతి ఒక్క క్షణం అతని వైపు చూసి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. తలుపుకు చెవి ఆనించాలన్న కోరిక పుట్టింది గానీ, బల్ల మీదే కూర్చుండిపోయాడు. పొద్దున ఇంటి దగ్గర అంత గొంతు చేసుకున్న మనిషేనా ఇతను అనిపిస్తుంది చూస్తే.

చాలాసేపటికి ఆమె బయటికి వచ్చింది. తలుపు వెనక్కి లాగింది. అది పూర్తిగా పడలేదు. వచ్చి పక్కన కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది.

"ఏమీ లేదంట," అంది. "అంతా బాగుండాదంట. ఆ మాత్రలు మాత్రం ఇంగ తాకొద్దన్నారు. పద, బస్సు దొరుకుతాది."

లక్ష్మీపతి గుండె మీది బండ దిగింది. దిగినట్టే దిగి, ఆమె మొహం చూడగానే మళ్లీ ఎక్కింది. నవ్వుతోంది పుష్పావతి. నవ్వు బాగానే ఉంది. కళ్లు పొడిగానే ఉన్నాయి. గొంతులో జీర లేదు. నిన్నటి దాకా అయితే అతనూ ఈ మొహం చూసి అంతా బాగుందనే అనుకునేవాడు. కానీ అతను ఈ పొద్దు అద్దం వెనక కూర్చుని వచ్చాడు. లేని నొప్పికి ఆమె ఎంత నిజంగా ఏడ్చిందో చూశాడు. లేని నొప్పికి అంతగా ఏడ్చిన మనిషికి, ఉన్న ఏడుపును మింగి నవ్వడం ఒక లెక్కా?

"నిజమేనా?"

"నిజమే అంటాండా గదా."

"నా మీద ఒట్టు పెట్టి చెప్పు."

"ఒట్లేమిటికి? నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

రాత్రి నుంచి ఆమె మాట ఒక్కటీ నమ్మనివాడు, ఇప్పుడు ఈ ఒక్కటీ నమ్మాలని ఎంత ఆశపడ్డాడో ఆ దేవుడికే తెలుసు. నమ్మి బస్సెక్కితే సరిపోతుంది. రేపు మగ్గంలో దిగొచ్చు. అయినా అతను లేచాడు.

"నేనే పోయి మేడంను అడుగుతా."

పుష్పావతి అతని మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. "వద్దు. ఇంటికి పోదాం పద."

అప్పుడే పూర్తిగా పడని తలుపు వెనక నుంచి డాక్టరమ్మ గొంతు వినిపించింది.

"పుష్పావతీ, ఆయన్ను కూర్చోబెట్టి నిదానంగా చెప్పినావా? మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఈ రోజే చేర్చుకోవాల, ఆలస్యం చేస్తే లాభం లేదు."

పుష్పావతి చెయ్యి వదల్లేదు. వినలేనన్న మనిషికి చెప్పలేక తెచ్చుకున్న నవ్వు మొహంలో అలాగే ఉంది.